డ్రాక్యులా కోటలో దారి దొరక్కపోతే

ఈ నెల ఉత్తరాల్లో కాజిల్‌వేనియాదే పైచేయి. చేతిలో ఇమిడే కన్సోల్‌లో కోటను గది గదిగా వెతుకుతూ, శక్తులు కూడగట్టుకుంటూ, చివరికి రక్తపిశాచుల రాజు దాకా వెళ్లే ఆటలివి. కొన్ని జవాబుల్లో కథ ముగింపు బయటపడుతుంది. ఆ ఆట ఇంకా పూర్తి చేయనివారు ప్రశ్న చదివి జవాబు దాటేయండి.

ప్రశ్న: కాజిల్‌వేనియా పేరుతో లెక్కలేనన్ని ఆటలు కనిపిస్తున్నాయి. కోటలో తిరుగుతూ వెతికే రకం మాత్రమే కావాలి. ఏది ముందు ఆడాలి? పాత కన్సోల్ కొనాల్సిందేనా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరడిగే రకంలో హ్యాండ్‌హెల్డ్ కోసమే తయారైనవి ఆరు. గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద సర్కిల్ ఆఫ్ ద మూన్ (2001), హార్మొనీ ఆఫ్ డిసొనెన్స్ (2002), ఆరియా ఆఫ్ సారో (2003). నింటెండో డీఎస్ మీద డాన్ ఆఫ్ సారో (2005), పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్ (2006), ఆర్డర్ ఆఫ్ ఎక్లీషియా (2008).

మొదట ఆరియా ఆడండి. శత్రువును చంపితే అప్పుడప్పుడు దాని సోల్ మీకు దక్కుతుంది, దాంతో ఆ శత్రువు విద్య మీకు వస్తుంది. పది నిమిషాల్లో ఆట పద్ధతి అర్థమైపోతుంది. కథ 2035లో జరుగుతుంది, హీరో సోమా క్రూజ్. డాన్ ఆఫ్ సారో దీనికి నేరుగా కొనసాగింపు కాబట్టి ఈ రెంటినీ వరసలోనే ఆడాలి. డాన్ ముందు ఆడితే ఆరియాలోని అసలు రహస్యం మొదటి సన్నివేశాల్లోనే తెలిసిపోతుంది. మిగతా నాలుగూ దేనికది విడి కథ, ఏది ముందైనా ఫర్వాలేదు. ఎక్లీషియా మాత్రం ఆరింటిలో కఠినమైనది. దాన్ని చివరికి ఉంచుకోండి.

పాత కన్సోల్ అక్కర్లేదు. మూడు గేమ్ బాయ్ ఆటలూ 2021లో వచ్చిన అడ్వాన్స్ కలెక్షన్‌లో ఉన్నాయి. మూడు డీఎస్ ఆటలూ 2024 ఆగస్టులో వచ్చిన డామినస్ కలెక్షన్‌లో ఉన్నాయి. రెండూ నింటెండో స్విచ్ కన్సోల్‌లోనూ, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లోనూ దొరుకుతాయి. మన దగ్గర తేలిక దారి స్టీమే. ధర రూపాయల్లో ఉంటుంది, యూపీఐతో కట్టేయవచ్చు, తగ్గింపు అమ్మకాలప్పుడు ఇంకా చవక. స్విచ్‌లో కొనాలంటే అకౌంట్‌ను వేరే దేశానికి పెట్టుకోవడం, ఆ దేశపు ప్రీపెయిడ్ కార్డు సంపాదించడం లాంటి తంటాలు ఉంటాయి. అమెరికాలో బంధువులుంటే ఆ కార్డు కోడ్ ఒక్క మెసేజ్‌లో వచ్చేస్తుందనుకోండి.

ప్రశ్న: మా అన్నయ్య పాత గేమ్ బాయ్ అడ్వాన్స్, సర్కిల్ ఆఫ్ ద మూన్ కార్ట్రిడ్జ్ ఇచ్చాడు. ఆట మొదలవుతుంది కానీ తెరమీద ఏమీ కనిపించదు. ట్యూబ్‌లైట్ కింద కూర్చున్నా హీరో నీడలాగే ఉన్నాడు. స్క్రీన్ పోయిందా?
— ఒక ఇంటర్ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: స్క్రీన్ పోలేదు. మొదటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు తెర వెనక దీపమే లేదు. బయటి వెలుగు తెరమీద పడి తిరిగొస్తేనే బొమ్మ కనిపిస్తుంది. సర్కిల్ ఆఫ్ ద మూన్ ఆ కన్సోల్‌తో పాటే మార్కెట్లోకి వచ్చిన ఆట. నలుపు, ముదురు గోధుమ రంగులతో గీశారు. చీకటి తెరమీద చీకటి ఆట పడటంతో ఆనాడే అందరూ విసుక్కున్నారు. అందుకే మరుసటి ఏడాది వచ్చిన హార్మొనీలో రంగులు కళ్లు చెదిరేంత ప్రకాశంగా, హీరో జస్ట్ బెల్మాంట్ చుట్టూ నీలి గీతతో కనిపిస్తాయి. దీపం లేని తెరమీద హీరో విడిగా కనబడాలన్నదే ఆ గీత ఉద్దేశం.

పగలు కిటికీ పక్కన, వెలుగు మీ భుజం మీదుగా తెరపై పడేలా కూర్చోండి. నడినెత్తిన ట్యూబ్‌లైట్ ఉంటే దాని ప్రతిబింబమే తెరమీద కనిపిస్తుంది.

శాశ్వత పరిష్కారం కావాలంటే మూడు దారులున్నాయి. మొదటిది గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ. కొనేముందు వెనక స్టిక్కర్ చూడండి. ఎ.జి.ఎస్-001 అయితే దీపం తెర ముందు నుంచి వస్తుంది, బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. ఎ.జి.ఎస్-101 అయితే వెనక నుంచి వస్తుంది, అదే మేలు. వెనక మూత మార్చి స్టిక్కర్‌తో మోసం చేసేవాళ్లుంటారు కాబట్టి తెర కిందున్న దీపం బటన్ నొక్కి చూడండి. 001లో దీపం పూర్తిగా ఆరిపోతుంది. 101లో ఆరదు, ఎక్కువ తక్కువలే అవుతుంది. ఎస్పీకి మామూలు ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, చార్జింగ్ రంధ్రంలో పెట్టే అడాప్టర్ కావాలి.

రెండోది డీఎస్ లైట్. ఎందుకోగానీ దీన్ని ఎవరూ గుర్తు చేసుకోరు. దాని అడుగున గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ పట్టే రెండో స్లాట్ ఉంది. అంటే ఆరు ఆటల అసలు కార్ట్రిడ్జ్‌లూ ఒకే యంత్రంలో ఆడవచ్చు. తెర 256 × 192 పిక్సెళ్లు, గేమ్ బాయ్ బొమ్మ 240 × 160. చుట్టూ సన్నని నల్ల అంచు మిగులుతుంది, బొమ్మ మాత్రం సాగకుండా ఉన్నదున్నట్టు వస్తుంది. కొనేటప్పుడు కుడివైపు మడత దగ్గర పగులు ఉందేమో, ఎల్, ఆర్ బటన్లు ప్రతిసారీ పలుకుతున్నాయో లేదో చూడండి. ఈ రకంలో ముందుగా పాడయ్యేవి ఇవే. తర్వాత వచ్చిన డీఎస్ఐలో, త్రీడీఎస్‌లో ఆ రెండో స్లాట్ లేదు, పొరపాటున అవి కొనకండి.

మూడోది, ఉన్న కన్సోల్‌కే కొత్త ఐపీఎస్ తెర బిగించడం. బొమ్మ అద్భుతంగా ఉంటుంది. కానీ అసలు తెరతో రెండు డబుల్ ఎ సెల్స్ 15 గంటల దాకా వచ్చేవి. కొత్త తెరకు కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి అంతసేపు రావు.

ప్రశ్న: స్విచ్ లైట్‌లో, స్టీమ్ డెక్‌లో ఈ ఆటల బొమ్మ మసకగా ఉంటుందంటున్నారు. నిజమేనా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: బొమ్మను పూర్ణ సంఖ్యతో పెంచితే మసకబారదు. గేమ్ బాయ్ అడ్వాన్స్ బొమ్మ ఎత్తు 160. స్విచ్ లైట్ తెర 1280 × 720. నాలుగింతలు చేస్తే 960 × 640 అవుతుంది. పైనా కిందా 40 పిక్సెళ్ల చొప్పున ఖాళీ వదిలితే ప్రతి చుక్కా స్పష్టంగా ఉంటుంది. ఆ ఖాళీ కూడా నింపాలని తెర నిండా సాగదీస్తే నాలుగున్నర రెట్లవుతుంది. అప్పుడు కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి, హీరో నడుస్తుంటే ఒళ్లంతా వణికినట్టు కనిపిస్తుంది. స్టీమ్ డెక్ తెర ఎత్తు 800 కాబట్టి అయిదింతలు అచ్చంగా సరిపోతుంది, పక్కల 40 చొప్పున మాత్రమే మిగులుతుంది. ఈ మూడు ఆటలకు ఇంతకన్నా పొందికైన తెర పెద్ద యంత్రాల్లో లేదు.

ప్రశ్న: సర్కిల్ ఆఫ్ ద మూన్‌లో సగం కోట తిరిగాను. మాయ కార్డులు నాలుగే దొరికాయి. బాస్‌లు రెండు దెబ్బలకే చంపేస్తున్నారు. అంగడి కూడా కనబడదు. ఎక్కడ పొరపాటు?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అంగడి కనబడకపోవడం మీ తప్పు కాదు, ఈ ఆటలో అంగడే లేదు. మందులు, కవచాలు అన్నీ శత్రువులు రాల్చినవే. కార్డులూ అంతే. మొత్తం 20: పది చర్య కార్డులు, పది గుణం కార్డులు. ఒక చర్య, ఒక గుణం జోడిస్తే ఒక మాయ, మొత్తం వంద మాయలు. ఒక్కో కార్డును ఫలానా శత్రువులే, అదీ చాలా అరుదుగా రాలుస్తారు. ఆ శత్రువును దాటేసి పరుగెత్తేవారికి కార్డు ఎప్పటికీ దొరకదు.

కాబట్టి కొత్త శత్రువు కనబడ్డ ప్రతిచోటా, గది తలుపుకు దగ్గరగా ఉన్నవాణ్ని ఎంచుకోండి. చంపండి, తలుపు దాటండి, వెనక్కి రండి. గది మారితే శత్రువు తిరిగి పుడతాడు. సేవ్ రూమ్ పక్క గదైతే మరీ మంచిది, ప్రాణమూ మాయాశక్తీ అక్కడే నిండుతాయి. ఈ తిరుగుడులోనే లెవెల్ కూడా పెరుగుతుంది. బాస్‌లు రెండు దెబ్బలకే చంపేస్తున్నారంటే లెవెల్ తక్కువైందనే అర్థం. ఈ ఆట వేళ్ల చురుకుదనం కన్నా లెవెల్‌కే ఎక్కువ విలువిస్తుంది. అడ్వాన్స్ కలెక్షన్‌లో ఆడుతుంటే, మీ దగ్గర లేని కార్డు ఎదుటి శత్రువు దగ్గర ఉందని చెప్పే సూచన ఉంది. దాన్ని సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి. సగం ఊహాగానం తప్పుతుంది.

మెర్క్యురీ, సాలమాండర్ మీ నాలుగింటిలో ఉంటే కొరడాకు నిప్పంటుకుంటుంది. సగం కోట దాకా అదే చాలు. జూపిటర్, మాండ్రగోరా దొరికితే ఇంకా హాయి. ఆ జత వేసుకుని కదలకుండా నిలబడితే ప్రాణం మెల్లగా నిండుతుంది. బాస్ తలుపు ముందు మందులు ఖర్చు చేయకుండా ఒక మూల నిలబడి నింపుకోండి, ఈలోగా టీ తాగి రావచ్చు. మాయాశక్తి దానంతటదే తిరిగి పెరుగుతుంది కాబట్టి నష్టం లేదు. బాస్‌ల మీదకు సిలువ ఆయుధం తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ తగులుతుంది. విసరడానికి ఖర్చయ్యే హృదయాలు కూడబెట్టి ఒకదాని వెంట ఒకటి విసరండి.

పరుగు కోసం బాణం బటన్ రెండుసార్లు తట్టాలి. అనలాగ్ స్టిక్‌తో అది సరిగ్గా పడదు, ప్లస్ ఆకారపు డీ-ప్యాడే వాడండి. ఒకసారి ఆట పూర్తయ్యాక కొత్త ఫైలుకు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఫైర్‌బాల్ అని పేరు పెడితే 20 కార్డులూ మొదటి నుంచే చేతిలో ఉంటాయి. బలం మాత్రం తక్కువ. ఈ ఆటను రెండోసారి ఆడితే ఇలాగే ఆడాలి.

ప్రశ్న: ఆరియా ఆఫ్ సారోలో గ్రాహంను చంపగానే ఆట అయిపోయింది. మ్యాప్‌లో ఖాళీలు మిగిలాయి. ఇంతేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఇంతే కాదు. అసలు ముగింపు ఇంకా మిగిలి ఉంది. గ్రాహంతో తలపడేటప్పుడు మీరు వేసుకున్న మూడు సోల్స్ ఇవి కావాలి: ఎరుపులో ఫ్లేమ్ డీమన్, నీలంలో జెయింట్ బ్యాట్, పసుపులో సక్యూబస్. సంచిలో ఉంటే చాలదు, ముగ్గురినీ ధరించే ఉండాలి. నిప్పుబంతులు, గబ్బిలం రూపం, రక్తం పీల్చడం ఎవరి విద్యలో ఆలోచిస్తే సోమా అసలు ఎవరన్నది మీకే తట్టుతుంది. ఆపైన జూలియస్ బెల్మాంట్‌తో పోరు, ఖేయాస్ లోకం వస్తాయి.

ఈ సూచన ఆటలోనే ఉంది. కోటలో ఏన్షియెంట్ బుక్ అనే పాత పుస్తకాలు మూడు దొరుకుతాయి. చాలామంది వాటిని అమ్మే వస్తువులనుకుని తెరవరు. జాబితాలో వాటి వివరణ చదవండి, ఒక్కో పుస్తకం ఒక్కో సోల్‌ను సూచిస్తుంది.

ముగ్గురిలో సతాయించేది సక్యూబసే. సోల్ రాలడం అదృష్టం. అదే గదిలోకి వెళ్తూ వస్తూ చంపడం తప్ప వేరే మార్గం లేదు. డబ్బు పోగుపడితే హామర్ అంగడిలో సోల్ ఈటర్ రింగ్ అనే ఉంగరం ఉంది, ఖరీదు 3,00,000. సోల్స్ రాలే అవకాశం పెరుగుతుంది. ముగింపు కోసం మాత్రమే అయితే అంత డబ్బు వెతకనవసరం లేదు. సోల్స్ అన్నీ పోగేయాలనుకునేవారికే అది లాభం. అసలు కార్ట్రిడ్జ్‌లో ఆడేవారు లింక్ కేబుల్‌తో స్నేహితుడి దగ్గర సోల్ మార్చుకోవచ్చు కూడా.

గ్రాహం వేగం అందక ఓడిపోతుంటే ఎల్ బటన్ వెనకడుగు నేర్చుకోండి. కత్తి విసిరిన వెంటనే ఎల్ నొక్కితే ఆ విసురు పూర్తవకుండానే వెనక్కి జారతారు, మళ్లీ కొట్టవచ్చు. గాలిలోంచి దిగుతూ నేల తాకే ముందు కొడితే, దిగగానే ఆ దెబ్బ ముగిసిపోయి మరో దెబ్బకు చేయి ఖాళీ అవుతుంది. బరువైన కత్తులు వాడేవారికి ఈ రెండూ ప్రాణాధారం.

పూర్తయ్యాక కొత్త ఆటకు జూలియస్ అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టండి. బెల్మాంట్ కొరడాతో కోటంతా తిరగవచ్చు. కథ ఉండదు, వేగమే.

ప్రశ్న: డాన్ ఆఫ్ సారోలో బాస్ ప్రాణం సున్నా చేస్తున్నాను. మ్యాజిక్ సీల్ గీయమంటుంది, తప్పుతుంది, బాస్ మళ్లీ లేస్తాడు. మూడు రోజులుగా ఇదే.
— ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఆరు ఆటల్లోనూ ఎక్కువమందిని ఏడిపించిన ఏర్పాటు ఇదే. నిజం చెప్పాలంటే టచ్ స్క్రీన్ కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని ఎలాగైనా వాడాలని పెట్టినట్టుంటుంది. బాస్ ప్రాణం అయిపోగానే చుక్కల వలయం కనబడుతుంది. చుక్కలను చెప్పిన వరసలో, గడువు లోపల కలపాలి. తప్పితే బాస్‌కు కొంత ప్రాణం తిరిగొస్తుంది.

ముందు సాధన. పాజ్ మెనూలో సీల్స్‌ను గీసి చూసుకునే వీలుంది. బాస్ గది ముందు అక్కడికి వెళ్లి, ఆకారాన్ని కళ్లతో కాక చేతికి పట్టేదాకా గీయండి. స్టైలస్ ఎత్తకుండా, మూలల్లో క్షణం ఆగుతూ లాగాలి. గుండ్రంగా తిప్పేస్తే చుక్క తప్పిపోతుంది.

రెండోది స్టైలస్ ఎక్కడ ఉండాలన్నది. పోరాటం మధ్యలో స్లాట్‌లోంచి లాగేంత సమయం ఉండదు. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్ల మధ్య ఇరికించుకుని బొటనవేలితో బటన్లు నొక్కండి. లేదా బొటనవేలి గోరుతో గీయండి. డీఎస్ తెర ఒత్తిడిని గుర్తించే రకం కాబట్టి గోరు చాలు. వేలి మెత్తని భాగం పనికిరాదు, అది రెండు చుక్కల్ని కప్పేస్తుంది.

ఇంతా చేసినా గీత పక్కకు పోతుంటే కన్సోల్ సెట్టింగ్స్‌లో టచ్ స్క్రీన్‌ను మళ్లీ సరిచేయండి. పాత స్క్రీన్‌గార్డ్ కింద గాలిబుడగ ఉంటే తీసేయండి. డామినస్ కలెక్షన్‌లో ఆడేవారికి ఈ బాధే లేదు. అక్కడ గీయడానికి బదులు తెరమీద చూపిన బటన్లు నొక్కితే సరిపోతుంది.

మీరు అడగకపోయినా మూడు హెచ్చరికలు. యోకో దగ్గర ఆయుధం మార్పిస్తే వాడిన సోల్ ఖర్చయిపోతుంది. ఒక్కటే ఉన్న సోల్‌ను ఇవ్వకండి. కొన్ని సోల్స్ ఎన్ని ఉంటే అంత బలం, తొమ్మిది దాకా. రెండోది, సోమా స్నేహితురాలు మినా ఇచ్చిన తాయెత్తు. కథ నడిమికి వచ్చాక సెలియా కనిపించే సన్నివేశంలో అది మీ ఒంటి మీద లేకపోతే ఆట అక్కడే చెడు ముగింపుకు పోతుంది. మూడోది, డారియో అనే బాస్‌తో రెండోసారి పోరాడే గదిలో అద్దం ఉంటుంది. అతన్ని నేరుగా చంపకండి. పారనోయా సోల్ వేసుకుని అద్దంలోకి దూరి, లోపలున్న అగూనీని చంపాలి.

ప్రశ్న: ఎక్లీషియాలో అల్బస్‌ను ఓడించాక షనోవా చనిపోయింది. అంతకుముందు దీపస్తంభంలో పీత బాస్ దగ్గర వారం పోయింది. ఈ ఆట ఇంత క్రూరమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: క్రూరమే, కానీ అన్యాయంగా ఉండదు. మొదట హీరోయిన్ షనోవా సంగతి. వైగోల్ ఊరి జనం 13 మంది, మేయర్ నికొలాయ్‌తో కలిపి. మిస్టరీ మేనర్‌లో అల్బస్‌ను ఎదుర్కొనే ముందు అందరినీ విడిపించి ఉండాలి. ఒక్కరు తగ్గినా మీరు చూసిన ముగింపే వస్తుంది, డ్రాక్యులా కోట తలుపే తెరుచుకోదు. అంటే ఆటలో దాదాపు సగం మీరింకా చూడలేదు. పాత సేవ్ ఉంటే వెనక్కి వెళ్లి ఊళ్లో ఖాళీ ఇళ్లు లెక్కపెట్టండి. ఒక్కొక్కరూ కోట బయటి ప్రాంతాల్లో టోర్పర్ అనే గ్లిఫ్‌లో (షనోవా పీల్చుకుని వాడే మాయ గుర్తు) బందీలై ఉంటారు. దగ్గరకెళ్లి పై బాణం నొక్కి పట్టుకుంటే షనోవా ఆ గ్లిఫ్‌ను పీల్చేసి విడిపిస్తుంది. మ్యాప్‌లో చివర మూసుకుపోయినట్టున్న గదులను గోడలు కొట్టి మరోసారి చూడండి.

ఇక పీత. ఆ పోరు పైకి ఎక్కే పోరు. కింద నిలబడి చంపేయాలని చూసేవారికే వారాలు పడతాయి. పీత దీపస్తంభం లోపల మిమ్మల్ని తరుముతూ పైకొస్తుంది. మీరు దెబ్బ తగలకుండా ఎక్కుతూ, అది ఆగినచోట కొడుతూ, పైకి చేరాలి. పైన లిఫ్ట్ ఉంటుంది. దాన్ని పీత మీదకు దించితేనే కథ ముగుస్తుంది. ప్రాణం తీసే దెబ్బ కత్తిది కాదు, లిఫ్ట్‌ది.

ఎక్స్, వై బటన్లకు చెరో గ్లిఫ్ ఉంటుంది. ఒకే బటన్‌ను గబగబా నొక్కడం దండగ, రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కితేనే దెబ్బలు కలిసిపోయి వేగంగా పడతాయి. ప్రతి దెబ్బకూ మాయాశక్తి ఖర్చవుతుంది, ఆగితే క్షణాల్లో నిండుతుంది. కాబట్టి నాలుగు దెబ్బలు, ఒక అడుగు వెనక్కి, మళ్లీ నాలుగు దెబ్బలు. ఎడాపెడా కొడితే సరిగ్గా బాస్ మీదికొచ్చినప్పుడే శక్తి సున్నా అవుతుంది. రెండు చేతులకూ గ్లిఫ్‌లు పెట్టి పై బాణంతో కొడితే పెద్ద దాడి వస్తుంది, దానికి హృదయాలు ఖర్చవుతాయి. దాన్ని బాస్‌కే దాచండి.

శత్రువుకో బలహీనత ఉంటుంది: కోత, మొద్దు దెబ్బ, నిప్పు, మంచు, మెరుపు, వెలుగు, చీకటి. శత్రువుల జాబితాలో చూసుకుని గ్లిఫ్ మార్చండి. ఒకే కత్తితో ఆటంతా లాగాలనుకుంటేనే ఇది క్రూరంగా కనిపిస్తుంది.

ప్రశ్న: పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్‌లో అక్కాచెల్లెళ్లు స్టెల్లా, లొరెటాను చంపితే ఆట ముగుస్తోంది. చంపకుండా ఎలా గెలవాలి?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: కొట్టడం ఆపండి. ఇద్దరు హీరోల్లో మంత్రాలు వేసే షార్లెట్‌కు శాంక్చువరీ మంత్రం ఉండాలి. దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి వదిలితే ఇద్దరికీ రక్తపిశాచి శాపం విడుతుంది. ఛార్జ్ అవ్వడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో దెబ్బ తగిలితే మొదటికి వస్తుంది. అందుకే రెండో హీరో జోనథన్‌ను ముందుంచి, వాళ్ల దాడులు అతని వైపు తిరిగేలా చూడండి.

ప్రశ్న: హార్మొనీ ఆఫ్ డిసొనెన్స్‌లో చూసిన గదే మళ్లీ చూస్తున్నాను. మ్యాప్ తప్పా? సంగీతం కూడా కీచుమంటోంది, స్పీకర్ పోయిందేమో.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మ్యాప్ సరిగ్గానే ఉంది, కోటలే రెండు. ఎ కోట, బి కోట, రెంటికీ ఒకే నక్ష. గదుల అలంకారం, శత్రువులు మారతారు. మ్యాప్ తెరమీద మీరున్నది ఏ కోటో ముందు చూసుకుని అడుగేయండి. ఒక కోటలో మూసి ఉన్న దారి రెండో కోటలో పని చేస్తే తెరుచుకుంటుంది. ఎటూ తోచకపోతే ఒకే గదిని రెండు కోటల్లోనూ పోల్చి చూడండి, తేడా ఉన్నచోటే దారి. చివరికి బి కోటలో మాక్సిమ్‌తో తలపడేటప్పుడు జె.బి. కంకణం, ఎం.కె. కంకణం రెండూ వేసుకుని ఉంటేనే మంచి ముగింపు.

స్పీకర్ బాగానే ఉంది. బొమ్మలకు ఎక్కువ శక్తి వెచ్చించి, సంగీతాన్ని పాత గేమ్ బాయ్ తరహా ధ్వనులతో సరిపెట్టారు. బాణీలు మంచివే, వాయిద్యాలే పీలగా ఉన్నాయి.

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో ఆరియా కార్ట్రిడ్జ్ చవగ్గా దొరికింది. ఆడి సేవ్ చేశాను, మర్నాటికి ఫైలు లేదు. నకిలీయా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. కార్ట్రిడ్జ్ అడుగున బంగారు రంగు కాంటాక్టుల పైన, లోపలి బోర్డు మీద నింటెండో పేరు అచ్చై కనబడాలి. స్టిక్కర్‌ను వెలుగులో వాల్చి చూస్తే అసలు వాటిలో రెండు అంకెల సన్నని నొక్కు కనిపిస్తుంది. వెనక స్క్రూ మూడు రెక్కల రకం ఉండాలి. స్టిక్కర్ రంగులు పాలిపోయినా, అంచులు సమంగా లేకపోయినా అనుమానించండి.

అసలుదే అయినా సేవ్ పోతుంటే ముందు కాంటాక్టులు శుభ్రం చేయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి రుద్ది, అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. నోటితో ఊదకండి, ఉమ్మి తడికి కాంటాక్టులు తుప్పు పడతాయి. తర్వాత సేవ్ చేసి, కార్ట్రిడ్జ్ బయటకు తీసి గంట ఆగి పెట్టి చూడండి. గంటకే పోతే లోపలి బటన్ సెల్ అయిపోయిందేమో చూడాలి. గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లలో సెల్ ఉంటే సాధారణంగా సి.ఆర్.1616 రకం, 3 వోల్టులు. రేకులు ముందే అతికించి వచ్చే సెల్ కొని మార్పించండి. మామూలు సెల్ మీదే నేరుగా టంకం పెడితే వేడికి అది పాడవుతుంది, పేలనూవచ్చు. సెల్ తీసిన క్షణంలో పాత సేవ్ పోతుంది.

మళ్లీ కొనేటప్పుడు గుర్తుంచుకోండి: 2006లో హార్మొనీ, ఆరియా రెండూ కలిపి ఒకే కార్ట్రిడ్జ్‌గా కూడా వచ్చాయి. జపాన్ కార్ట్రిడ్జ్‌లు మన కన్సోల్‌లో నడుస్తాయి, కానీ అక్షరాలు జపనీస్‌లో ఉంటాయి. ఆరియాకు అక్కడి పేరు అకత్సుకి నో మెనుయెట్టో.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఈ ఆటలు ఇవ్వవచ్చా?
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: డాన్, పోర్ట్రెయిట్, ఎక్లీషియా మూడింటికీ అమెరికా రేటింగ్ టీన్, అంటే 13 ఏళ్లు దాటినవారికి. రక్తం, అస్థిపంజరాలు, సక్యూబస్ లాంటి అర్ధనగ్న పాత్రలు ఉంటాయి. నాలుగేళ్లు ఆగండి.

ప్రశ్న: ఫోన్‌లో సింఫనీ ఆఫ్ ద నైట్ ఆడుతున్నాను. రిక్టర్‌ను చంపగానే అయిపోయింది. ఇందులోనూ రెండో కోట ఉందంటున్నారు.
— ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఉంది. తలకిందులుగా. 1997 నాటి ప్లేస్టేషన్ ఆట ఇది, ఫోన్లకు 2020 మార్చిలో వచ్చింది. ముందు బంగారు ఉంగరం, వెండి ఉంగరం సంపాదించాలి. వెండిది రాయల్ చాపెల్‌లో ముళ్ల దారి అవతల ఉంది. స్పైక్ బ్రేకర్ కవచం వేసుకుంటే ముళ్లు విరిగిపోతాయి. రెండు ఉంగరాలూ తొడుక్కుని మార్బుల్ గ్యాలరీలో గడియారం గదికి వెళ్తే నేల తెరుచుకుంటుంది. కింద మరియా ఎదురై హోలీ గ్లాసెస్ ఇస్తుంది. అవి పెట్టుకుని రిక్టర్ దగ్గరకెళ్తే అతని పైన పచ్చని గోళం కనబడుతుంది. రిక్టర్‌ను ముట్టకుండా గోళాన్నే కొట్టండి. అది పగలగానే పైన రెండో కోట కనిపిస్తుంది.

మంత్రాలకు బాణాలు వరసగా తిప్పాలి, తాకే తెరమీద బొటనవేలు జారిపోతుంది. బ్లూటూత్ కంట్రోలర్ జతచేయండి. ఆట దాన్ని గుర్తిస్తుంది, తెరమీది బటన్ల బొమ్మలు కూడా అడ్డు రావు.